గంగమణి కోసిన పదకొండు పైకప్పులు

ఎల్లారెడ్డిలో బస్టాండు వెనక సందులో గంగమణి ఇల్లు. పన్నెండో ఏట చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టిన మనిషి, నలభై దాటేదాకా ఆ చాట దించలేదు. తునికాకుకు ఎండ పనికిరాదు. తడిపిన ఆకు మీద ఎండ తగిలితే కాసేపటికే పెళుసెక్కి, కత్తెర పెట్టగానే చిట్లుతుంది. అందుకని బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దంతా నీడ వెంబడే జరుగుతుంటారు. పొద్దున ఇంటికి పడమటి పక్క, మధ్యాహ్నం చూరు కింద, మూడు దాటాక తూర్పు వాకిలి. ఏ నెలలో ఏ వేళకు నీడ ఎక్కడిదాకా వస్తుందో గంగమణికి గడియారం చూడకుండానే తెలిసేది. అదొక విద్య అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అనుకోలేదు.

తర్వాత కార్ఖానా నుంచి ఆకు, తంబాకు నెలలో పది రోజులకు మించి రావడం మానేశాయి. దానికి తోడు దగ్గు పట్టుకుంది. తంబాకు దుమ్ము మానకపోతే దగ్గు మానదని డాక్టరు తేల్చి చెప్పాడు. భర్త పోచన్న ఎల్లారెడ్డికీ లింగంపేటకూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ఒకరోజు ఆటో ఎక్కిన మనిషెవరో, కామారెడ్డిలో ఒక ఇంజినీరమ్మ కొత్తగా ఆఫీసు తెరిచిందనీ, ఊడ్చి తుడిచి చాయ్ పెట్టేందుకు నమ్మకమైన మనిషి కావాలంటున్నదనీ చెప్పాడు. పోచన్న ఇంటికి రాగానే ఆ ముచ్చట భార్య చెవిన వేశాడు.

"అంత దూరం దినాం బస్సుల పోయొస్తవా?" అని అత్త నర్సవ్వ అడిగింది. ఆమెకు డెబ్బై ఏళ్లు. ఆమె కూడా బీడీలు చుట్టిన మనిషే.

"ఇంట్ల కూసుంటే దగ్గు తగ్గుతదా అత్తా? బస్సుల గాలి అన్న తగుల్తది" అంది గంగమణి.

ఆ ఇంజినీరమ్మ పేరు పద్మప్రియ. ముప్పై రెండేళ్లుంటాయి. సొంతూరు మాచారెడ్డి. హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్ చదువు చదివి, అక్కడే ఆరేళ్లు పెద్ద కంపెనీలో పనిచేసి, సొంతంగా ఏదైనా కట్టాలన్న పట్టుదలతో కామారెడ్డికి వచ్చేసింది. మూడంతస్తుల బిల్డింగులో పై అంతస్తున రెండు గదులు, వాటి మీద డాబా. అదే ఆఫీసు. గంగమణి ఎనిమిదిన్నరకు వచ్చి ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టి, సాయంత్రం ఐదున్నర బస్సుకు తిరిగి వెళ్లేది. బల్లల మీద కాగితాలను చూసేది గాని ముట్టుకునేది కాదు.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం పద్మప్రియ తెల్లటి దళసరి అట్టలోంచి కిటికీలు కోస్తోంది. కట్టబోయే ఇంటిని ముందే అట్టతో చిన్నగా చేసి చూపించే నమూనా అది. కాగితం మీద గీతలు ఎంత చూపించినా ఇంటాయనకు అర్థం కావు, నమూనా చూపిస్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. కానీ పద్మప్రియకు బ్లేడు పని చేతకాదు. ఏడో కిటికీ దగ్గర బ్లేడు జారి వేలు తెగింది. గంగమణి పసుపు తెచ్చి అద్ది, గుడ్డ చుట్టి, అట్టవైపు చూసింది.

"ఇటియ్యుండ్రి మేడం. ఎన్ని కావాలె?"

"ఇంకా ఇరవై నాలుగు. అన్నీ ఒక్క తీరు ఉండాలక్కా, వెంట్రుక మందం తేడా రావొద్దు."

గంగమణి మొదటి కిటికీని కొలతగా పెట్టుకుని కోయడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా రేకు ముక్క ఆకు మీద ఆనించి, ఒకే కొలతకు రోజుకు వెయ్యి ముక్కలు కత్తిరించిన చెయ్యి అది. చాయ్ చల్లారేలోపు ఇరవై నాలుగూ అయిపోయాయి. పద్మప్రియ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురుకు పట్టి చూసింది. అంచులు ఒక్క గీతలా కలిశాయి. మరుసటి వారం ఊడ్చే పనికి వేరే మనిషిని చూసుకుని, గంగమణికి కిటికీ పక్కన బల్ల వేయించింది.

ఇంటికి వెళ్లి ఈ సంగతి చెబితే నర్సవ్వ నమ్మలేదు. "అట్టముక్కలు కోస్తే కొలువంటరా ఎవరన్న? చిన్న పోరగాండ్ల ఆట లెక్కున్నది" అంది. అయినా ఆ రోజు కోడలు తెచ్చి చూపించిన వేలెడంత కుర్చీని పడుకునేదాకా అరచేతిలో పెట్టుకునే కూర్చుంది.

ఏడాదిలో గంగమణి చాలా నేర్చుకుంది. అసలు ఇంటి అడుగుకు నమూనాలో పావు అంగుళం అంటే ఏమిటో, గీసిన పటంలో గోడ ఏది తలుపు ఏది మెట్లు ఎటు ఎక్కుతాయో కూడబలుక్కుని చదవగలిగేది. ఏడో తరగతితో ఆగిన చదువు ఆమెది. పటం అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడిగేది. పద్మప్రియ విసుక్కోకుండా చెప్పేది.

అప్పుడు వచ్చింది విత్తన రైతుల సమాఖ్య పని.

చుట్టుపక్కల మండలాల్లో విత్తనాలు పండించే రైతులంతా కలిసి పెట్టుకున్న సంఘం అది. అధ్యక్షుడు బాలనర్సయ్య. కామారెడ్డిలో రెండు పాత గోదాముల్లో, మూడు అద్దె గదుల్లో చెల్లాచెదరుగా ఉన్న తమ పనులన్నింటినీ ఒక్కచోటికి తెచ్చేలా పట్నం తీరు ఆఫీసు కట్టుకోవాలని సంఘం తీర్మానించుకుంది. నమూనా చేసి చూపించమని పద్మప్రియను అడిగారు. ఆమెకు వచ్చిన పనుల్లో అంత పెద్దది అదే.

మూడు వారాలు ఆమె సరిగ్గా అన్నం కూడా తినకుండా గీసింది. గీయడం అయ్యాక గంగమణిని కూర్చోబెట్టి చెప్పింది. "చూడక్కా. బయట ఏ సింగారమూ ఉండదు. రంగులు లేవు, పూలు లేవు, గుమ్మటాలు లేవు. తిన్నటి గోడలు, తిన్నటి గీతలు, కాంక్రీటు కాంక్రీటు లెక్కనే కనబడాలె. అసలు సంగతి లోపలున్నది. నడుమ ఖాళీ. కింది నుంచి మూడో అంతస్తు పైకప్పు దాకా ఏమీ అడ్డం ఉండదు. దీన్ని ఏట్రియం అంటరు. గదులన్నీ దాని చుట్టే. గడప దాటి లోపలికొచ్చిన మనిషికి విత్తనాల కౌంటర్ ఏది, బీమా ఏది, తూకాల పంచాయితీ ఏది, పెద్దసారు గది ఏది, అన్నీ ఒక్క సూపుల కనబడాలె. ఎవ్వరినీ అడగొద్దు. ఎవ్వరి ముందరా చేతులు కట్టుకుని నిలబడొద్దు."

గంగమణి పటం మీద ఆ ఖాళీని వేలితో తడిమింది. దగ్గు పరీక్ష కాగితాల కోసమూ, బీడీ కార్మికుల కార్డు కోసమూ ఎన్ని చీకటి వరండాల్లో ఎన్ని తలుపుల ముందు నిలబడిందో ఆమెకు తెలుసు. ఏ తలుపు తట్టాలో తెలియక, చెప్పేవాళ్లు లేక, సగం పూట గోడకు ఆనుకుని గడిపేది. ఇట్లాంటి ఆఫీసు ఒకటి ఉంటుందని ఆమె ఊహించలేదు.

"దీని నమూనా మంచిగ చేస్త మేడం" అంది. "ఎన్ని దినాలైనా సరే."

ఆ నడుమ ఖాళీకి పద్మప్రియ గీసిన పైకప్పు అద్దం. అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు, మొత్తం అద్దమే. కింద రైతులు కూర్చునే బెంచీలు వరసగా. గంగమణి ఆరు వారాల్లో నమూనా పూర్తిచేసింది. మూడంతస్తుల చుట్టూ తిరిగే నడవలు, వాటి సన్నటి కటకటాలు, మెట్లు, బెంచీలు, బెంచీల మీద గోరంత మనుషులు. పైన అద్దానికి బదులు పలచటి ప్లాస్టిక్ షీటు. అప్పటికి ఏప్రిల్ నెల మూడో వారం వచ్చింది. సంఘం వాళ్లకు చూపించడానికి మూడు రోజుల గడువుంది.

చివరి బెంచీ అతికించిన రోజు నుంచే ఆమె మనసులో ఏదో గుచ్చుకుంటోంది. అద్దం కింద బెంచీలు. ఎండాకాలం. విత్తనాల కోసం రైతులు గుంపులుగా వచ్చేది మే, జూన్ నెలల్లోనే. ఆ వేళ ఎండ ఎక్కడ పడుతుంది?

ఆదివారం సెలవు. ఆమె పోచన్నను బతిమాలి కామారెడ్డికి తీసుకుపోయి, బిల్డింగు కట్టబోయే జాగా ఎక్కడుందో వెతికించింది. ఎల్లారెడ్డి రోడ్డు మీద, ముళ్లకంచె వేసిన ఖాళీ స్థలం. అందులో నిలబడి పొద్దు ఎటు లేస్తున్నదో, వాకిలి ఎటు వస్తుందో చూసుకుంది.

"ఈ ఎండల గింత దూరం గిది చూసేతందుకా?" అన్నాడు పోచన్న.

"వాకిలి తూర్పు మొకానికి వస్తది. మంచిది, ఇగ పోదాం పా" అంది ఆమె.

సోమవారం పద్మప్రియ ఏదో పని మీద నిజామాబాద్ వెళ్లింది. గంగమణి నమూనాను రెండు చేతులా ఎత్తుకుని మెల్లగా మెట్లెక్కి డాబా మీద పెట్టింది. నమూనా వాకిలిని తూర్పుకు తిప్పి, పక్కన గోడ నీడలో కూర్చుంది. పొద్దున తొమ్మిదిన్నరకు ఎండ పడమటి గోడ దిగి నేలను తాకింది. ఆమె నమూనా వాకిలిలోంచి పెన్సిల్ దూర్చి, ఎండ అంచు వెంబడి నేల మీద సన్నటి గీత గీసి, పక్కన తొమ్మిదిన్నర అని రాసింది. పది గంటలకు మరో గీత. పదిన్నరకు ఎండ మొదటి వరస బెంచీల మీదికి ఎక్కింది. పన్నెండున్నరకు ఒక్క బెంచీ కూడా మిగలలేదు. గోరంత మనుషులంతా తెల్లటి ఎండలో తళతళలాడారు. రెండు దాటినా సగం బెంచీలు ఎండలోనే ఉన్నాయి.

గీతలు గీయడంలో పడి ఆమె ఒక సంగతి మరిచిపోయింది. మూడు గంటల వేళకు జిగురు మెత్తబడి, ప్లాస్టిక్ షీటు ఉబ్బి, పైకప్పు ఒక పక్క లేచిపోయింది. దాన్ని నొక్కిపెట్టాలని చూస్తే రెండో అంతస్తు కటకటం కూడా ఊడి చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద పద్మప్రియ చెప్పుల చప్పుడు వినబడింది.

డాబా మీద నమూనాను చూసి పద్మప్రియ మొహం పాలిపోయింది. "ఇదేంటక్కా? ఎవరు పెట్టమన్నరు ఇక్కడ? ఎల్లుండి చూపించాలె కదా దీన్ని!"

"మేడం, జర లోపలికి సూడుండ్రి. ఎండ బెంచీల మీద పడుతున్నది. పదిన్నర నుంచి రెండు దాటేదాక అక్కడ ఎవ్వలు కూసోరు. మాడిపోతరు."

"అద్దానికి ఫిల్మ్ వేస్తం. ఏసీ పెడతం. అవన్నీ నేను చూసుకోనా? రెండు నెలల పని అక్కా ఇది!" ఆమె గీతలవైపు చూడనే లేదు. ఊడిన కటకటాన్ని చేతిలోకి తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

గంగమణి నమూనాను గదిలోకి చేర్చి, ఎవరికీ చెప్పకుండా ఐదున్నర బస్సెక్కింది. లింగంపేట దాటేదాకా కిటికీవైపు మొహం తిప్పుకునే ఉంది. ఇంటికొచ్చి గడప మీద కూర్చుంటే నర్సవ్వ పక్కకొచ్చి కూర్చుంది. జరిగిందంతా విని అడిగింది.

"నువు చెప్పింది నిజమేనా?"

"నిజమే అత్తా. ఎండ సంగతి నాకు తెల్వదా?"

"మరి ఏడుస్తవెందుకు? అట్టముక్కలేనాయె. ఇరిగితే మళ్ల కోస్తవు."

"నమూనా గురించి కాదత్తా. గామె నా దిక్కే సూడలె."

మరునాడు గంగమణి పనికి వెళ్లలేదు. పప్పు పొయ్యి మీద పెట్టింది గాని మనసు దాని మీద లేదు. ఒంటిగంట వేళ ఫోను మోగింది. పద్మప్రియ.

"అక్కా, ఇయ్యాల ఎందుకు రాలె?"

"రమ్మంటరో వద్దంటరో తెల్వక రాలె మేడం."

"నేను పొద్దున తొమ్మిదింటి నుంచి డాబా మీదే ఉన్న. కప్పు అతికించి నమూనాను మళ్ల పైకి తెచ్చిన. నువ్వు గీసిన గీతల మీదే వస్తుందక్కా ఎండ, పొల్లు పోకుండ. లోపల చెయ్యి పెట్టి చూసిన, కాలింది. నిన్న నీ మీద ఒర్లిన, తప్పైంది. నువ్వు రా. పైకప్పు మళ్ల కొయ్యాలె."

"ఎప్పుడు రావాలె?"

"ఇప్పుడు బస్సు ఉంటే ఇప్పుడే."

పద్మప్రియ సంఘం వాళ్లకు ఫోన్ చేసి పన్నెండు రోజులు గడువు అడిగింది. బాలనర్సయ్య సణిగాడు గాని ఒప్పుకున్నాడు. ఆ పన్నెండు రోజుల్లో గంగమణి పదకొండు పైకప్పులు కోసింది. ఒక్కొక్కటీ డబ్బా మూతలా తీసి పెట్టేట్టు చేసింది. పొద్దున కోయడం, మధ్యాహ్నం డాబా మీద పెట్టి చూడడం, సాయంత్రం దాన్ని తీసేసి ఇంకొకటి గీయడం. పద్మప్రియ గీస్తే ఈమె కోసేది. కొన్నిసార్లు ఈమె కోసిందాన్ని చూసి పద్మప్రియ గీసేది.

మొదటిది అద్దాన్ని సగానికి తగ్గించిన కప్పు. ఎండ సగం తగ్గింది, అంతే. రెండోది పూర్తిగా మూసిన కప్పు. లోపల పట్టపగలే దీపం పెట్టాల్సినంత చీకటి. నాలుగోదానికి పట్టీలు వేశారు. బెంచీల మీద ఎండ చారలు చారలుగా పడి, చూస్తుంటేనే తల తిరిగింది. ఆరోది ఇద్దరికీ నచ్చింది గాని, లెక్కలు చూసే స్ట్రక్చర్ ఇంజినీరు దేవరాజ్ వచ్చి ఒక్క మాటతో కొట్టేశాడు. ఆయనది బిచ్కుంద. యాభై ఐదేళ్ల మనిషి. ఇంట్లో మరాఠీ మాట్లాడతాడు.

"అరె బాబా, వాన పడితే నీళ్లెక్కడ పోవాలి? రైతుల నెత్తి మీదనా?"

ఎనిమిదో కప్పు ఆయన చెప్పిందే. నడుమ ఖాళీ మీద కాంక్రీటు కప్పును మరో ఆరడుగులు పైకి లేపి, ఉత్తరం పక్క మాత్రమే నిలువుగా తెరిచి వదలాలి. మన దిక్కు ఎండ దక్షిణం నుంచి వస్తుంది, ఉత్తరం నుంచి వెలుతురు మాత్రమే వస్తుంది, ఎండ రాదు అని ఆయన వివరంగా చెప్పాడు. డాబా మీద పెట్టి చూస్తే లోపల చక్కటి చల్లటి వెలుతురు. నేల మీద ఒక్క ఎండ మచ్చ లేదు. పద్మప్రియ మొహం విప్పారింది. ఇక అయిపోయిందనుకున్నారు.

గంగమణి మాత్రం నమూనా ముందు నుంచి లేవలేదు.

"ఏమైందక్కా?"

"ఇప్పుడు రాదు మేడం. మిరుగంల వస్తది."

దేవరాజ్ నవ్వాడు. "ఉత్తరం నుంచి ఎండ ఎట్లొస్తదమ్మా?"

"వస్తది సార్. మిరుగం కార్తె అప్పుడు, జూన్ల, పొద్దు తూర్పుకు లేవదు, ఉత్తరం మూలకు జరిగి లేస్తది. మా ఇంటి ఉత్తరం పక్క ఏడాదంతా నీడే. గా నెల రోజులు మాత్రం పొద్దుగాల తొమ్మిది దాక ఎండ పడ్తది, సాయంత్రం మళ్ల పడ్తది. నాకెట్ల తెలుసంటే, ఒకపారి ఆ పక్క ఆకు పెట్టి మరిచిన. దినం ఆకు మొత్తం ఖరాబైంది. విత్తనాలకు జనం వచ్చేది గప్పుడే కదా సార్."

దేవరాజ్ నవ్వు ఆపి ఫోన్లో ఏదో చూశాడు. జేబులోంచి కాగితం తీసి కోణాలు వేసుకున్నాడు. మరునాడు పొద్దున ఏడింటికే డాబా మీదికి వచ్చి, నమూనా కింద ఒక పక్క ఇటుక పెట్టి, జూన్ నెల ఎండ పడే తీరుకు దాన్ని వంచాడు. ఉత్తరపు సందులోంచి పసుపుపచ్చటి ఎండ చీల్చుకుని వచ్చి తూకాల పంచాయితీ గది ముందు పడింది.

"ఇంజినీరింగ్ చదివి ముప్పై రెండేళ్లయింది నాకు," అన్నాడాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఉత్తరం అంటే ఎండ లేదని రాసుకున్న, అంతే. ఎన్నడూ కూర్చుని చూడలేదు."

తొమ్మిదోది, పదోది ఆ ఎండను ఆపేందుకు చేసినవి. పదోదానిలో పలకలను ఆమె తొందరలో తిరగేసి అతికించింది, దాన్ని చూసి ముగ్గురూ నవ్వుకున్నారు. పదకొండోదానిలో ఉత్తరపు తెరపి పొడవునా నాలుగడుగులకొకటి చొప్పున నిలువు పలకలు వచ్చాయి, కొంచెం ఏటవాలుగా. వెలుతురు లోపలికి వస్తుంది, పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా పలకలకే తగిలి ఆగిపోతాయి. వాన నీళ్లు కప్పు మీద నుంచి వెనక్కి జారిపోతాయి. వేడిగాలి పైనుంచి బయటికి పోతుంది.

సంఘం వాళ్లకు చూపించే రోజు పద్మప్రియ కావాలనే మిట్టమధ్యాహ్నం వేళకు పెట్టించుకుంది. పాత గోదాము ముందు పెద్ద వాకిలి, అందులో ఎండ పడే చోట బల్ల మీద నమూనా. బాలనర్సయ్య అరవై ఏళ్లు దాటిన రైతు. తెల్ల పంచె, భుజాన కండువా. చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు.

"అంతా మంచిగున్నది గాని, అద్దమేదమ్మా? హైదరాబాద్‌ల ఏ కొత్త ఆఫీసు జూసినా తళతళ అద్దాలే. మనదేమో గోదాం లెక్క మూసేసిన్రు. లోపల చీకటి కాదా?"

పద్మప్రియ నోరు తెరిచి, మళ్లీ ఆగి, గంగమణివైపు చూసింది. "అక్కా, నువ్వు చూపించు."

అంతమంది మగవాళ్ల ముందు గంగమణి ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడకుండానే పని మొదలుపెట్టింది. పాత క్యాలెండరులోంచి చింపిన ముక్కను నమూనా లోపల బెంచీల దగ్గర పరిచి, పదకొండో కప్పు మూసింది.

"బాపు, వాకిట్లకెళ్లి లోపలికి సూడుండ్రి. ఆ కాగితం మీద ఏమున్నది?"

బాలనర్సయ్య కళ్లద్దాలు సవరించుకుని వంగాడు. "చతుర్దశి, బుధవారం. కింద... రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. మంచిగనే కనబడుతున్నది."

ఆమె ఆ కప్పు తీసి, పద్మప్రియ మొదట గీసిన పూర్తి అద్దం కప్పు పెట్టింది. "ఇప్పుడు సదువుండ్రి."

ఆయన మళ్లీ వంగి, వెంటనే తల వెనక్కి తీశాడు. "అబ్బ! కండ్లు గుంజుతున్నయి. ఏం కనబడతలేదు."

"గా ఎండల మీ రైతులు కూసోవాలె బాపు. అద్దం సూసెటోనికి సల్లగుంటది. కింద కూసున్నోనికి ఉండది."

చుట్టూ ఉన్న రైతులు ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. ఒకాయన రెండు కప్పులనూ నాలుగుసార్లు మార్చి మార్చి చూశాడు. బాలనర్సయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ అన్నాడు. "ముందు మొకానికన్న ఒక అద్దం పెట్టుండ్రమ్మా. మా అల్లుని ముందు ఇజ్జత్ ఉండాలె గదా." అందరూ నవ్వారు. ముందు తలుపు అద్దానిదే పెడతామని పద్మప్రియ మాటిచ్చింది. అక్కడికక్కడే తీర్మానం రాశారు.

కట్టడం అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఒక వానాకాలమంతా పునాదిలో నీళ్లు నిలిచి పని ఆగింది. ఆ ఏటవాలు పలకలకు చెక్కలు కట్టేటప్పుడు సెంట్రింగ్ మేస్త్రీ బాలరాజు పటాన్ని ఎటు తిప్పి చూసినా వంపు అర్థం కాలేదన్నాడు. గంగమణి మూడు పలకల వరసను పెద్దదిగా అట్టతో చేసి, ఎల్లారెడ్డి బస్సు దిగి నేరుగా పని జరిగే చోటికి పట్టుకెళ్లింది. బాలరాజు దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, "గిట్ల చెప్పాలె గదమ్మా మొదటనే" అన్నాడు. ఆ తర్వాత పలకలయ్యేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సిమెంటు సంచుల మీద, తన అన్నం డబ్బా పక్కన పెట్టుకునేవాడు.

ప్రారంభం రోజున పేపర్లో ఫోటో వచ్చింది. బాలనర్సయ్య పేరు, పద్మప్రియ పేరు, దేవరాజ్ పేరు ఉన్నాయి. గంగమణి ఆ వార్తను రెండుసార్లు చదివింది, ఎక్కడైనా తప్పిపోయిందేమోనని. ఇదంతా రాసుకోవడానికి వెళ్లిన నాతో ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. పద్మప్రియ పేపరు వాళ్లతో పోట్లాడింది. వాళ్లు మళ్లీ వేస్తామన్నారు, వేయలేదు. అయితే ఆఫీసులో భద్రపరిచిన పటాల మీద, కింది మూలన, ఇంజినీరు పేరు కింద ఒక వరస ఉంది. నమూనా, ఎండ పరిశీలన: గంగమణి. నన్ను ఆ ఆఫీసుకు తీసుకెళ్లి పటం తెరిచి చూపించింది పద్మప్రియే.

ఇంకో కష్టం ఎవరూ ఊహించనిది. పలకల సందుల్లో పావురాలు చేరాయి. నెల తిరక్కుండానే బెంచీల మీద రెట్టలు, ఈకలు. "ఎండ సంగతి చెప్పిన్రు గాని పావురాల సంగతి చెప్పలేదు కదమ్మా" అని దేవరాజ్ గంగమణిని ఆటపట్టించాడు. చివరికి వల కట్టించారు. అయినా రెండు పావురాలు ఎక్కడినుంచో దూరి వస్తూనే ఉన్నాయి. వాటిని ఎవరూ ఏమీ అనడం మానేశారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గంగమణి నర్సవ్వను తీసుకుని అక్కడికి వెళ్లింది. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. లోపల బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఒక రైతు తువ్వాలు తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. నర్సవ్వ తల పైకెత్తి మూడంతస్తుల పైన ఉన్న కప్పును, దాని పక్క నుంచి దిగుతున్న తెల్లటి వెలుతురును చాలాసేపు చూసింది. మెడ నొప్పి పుట్టినా దించలేదు.

"గింత పెద్దదాన్ని నువు చేతుల పట్టుకుని తిరిగినవా?" అని కోడలిని అడిగింది.

ఇప్పుడు పద్మప్రియ ఆఫీసులో నమూనాల బల్లలు మూడు. మిగతా రెండింటి దగ్గర ఎల్లారెడ్డి సందులోనుంచే వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూర్చుంటారు. వాళ్లు కూడా చాట దించి వచ్చినవాళ్లే. సత్యమ్మ చెయ్యి గంగమణి కన్నా చురుకు, ఆ మాట గంగమణే చెబుతుంది. పోయిన నెల ఎల్లారెడ్డిలో కట్టబోయే గ్రంథాలయం పటాలు వచ్చాయి. నేను వెళ్లిన రోజు గంగమణి మెట్లు కోస్తోంది. నమూనాలో అన్నిటికన్నా కష్టమైన పని మెట్లేనట. అన్నీ కోసి పేర్చి, పైఅంతస్తుకు ఆనించి చూసి, కళ్లు చిట్లించింది. పటం తీసి వేలు పెట్టి ఎంచింది. మళ్లీ ఎంచింది. తర్వాత లోపలి గదివైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"మేడం, జర ఇటు రాండ్రి. మీరు పద్దెనిమిది మెట్లు గీసిన్రు. పైకి అందుతలేదు. పందొమ్మిది కావాలె."

లోపలి నుంచి కుర్చీ జరిగిన చప్పుడు, ఆ వెంటనే పద్మప్రియ గొంతు వినబడ్డాయి. "వస్తున్నక్కా. నువ్వంటే నువ్వన్నట్టే ఉంటది, అయినా ఒకసారి నేను కూడా ఎంచనీ."